మేనల్లుడికి మెదడువాపు తగ్గింది, మనిషి మాత్రం మునుపటిలా లేడు. దోమ కాటుకి ఇంత జరుగుతుందా?

కయ్యగట్టు (విడవలూరు వైపు), శనివారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ వడ్ల రేట్ల గురించి తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. తప్పు విభాగంలో పెట్టుంటే అడ్మిన్ గారు మార్చండి.

మా చెల్లెలి కొడుక్కి ఏడేళ్ళు. పోయిన డిసెంబరులో, నాట్లు అయిపోయి కయ్యల నిండా నీళ్ళు నిలబడి ఉన్న రోజుల్లో జ్వరం వచ్చింది. మూడు రోజులు మామూలు జ్వరమే అనుకున్నాం, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజక్షన్ వేసినప్పుడల్లా దిగేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. నాలుగో రోజు పొద్దున వాళ్ళమ్మ ఇడ్లీ పెడితే పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు, చెయ్యి కదపలేదు. "నేనెవర్రా" అని అడిగితే కన్నతల్లిని పట్టుకుని "అత్త" అన్నాడు. మా అమ్మ గాలి సోకిందని పక్క ఊరికి తాయెత్తు కట్టించడానికి తీసుకుపోయింది. నేను వద్దని గట్టిగా అనలేకపోయాను. దారిలో ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది, ముందు వెళ్ళిన ఆసుపత్రిలో బెడ్ లేదన్నారు, రెండోచోట చేర్చుకున్నారు. 19 రోజులు ఉన్నాం, అందులో 5 రోజులు వెంటిలేటర్. వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకి పంపితే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని వచ్చింది.

బతికాడు, అదే పదివేలు. కానీ 11 నెలలైంది, నడుస్తాడు, తింటాడు, పిల్లాడు మాత్రం మా పిల్లాడిలా లేడు. ముఖంలో నవ్వు రాదు. నవ్వు వచ్చే మాటకి నోట్లోంచి శబ్దం వస్తుంది, ముఖం మాత్రం అలాగే ఉంటుంది. కుడిచెయ్యి వణుకుతుంది. వీధిలో గోలీలాటలో వీడిని మించినవాడు లేడు, ఇప్పుడు గోలీ వేళ్ళ మధ్య పెట్టుకుని, గురి చూసి, చెయ్యి ఆగక, చివరికి నడుచుకుంటూ పోయి గుంటలో పెట్టి వస్తాడు. తోటి పిల్లలు ఏమీ అనరు, వాళ్ళకీ అర్థమైనట్టుంది. స్కూల్లో మాత్రం కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచండి అంటున్నారు.

నా ప్రశ్న ఒకటే. ఆ వైరస్ ఇంకా తలలో ఉందా? ఎప్పటికైనా పోతుందా? ఇంకో అనుమానం, మేము చెన్నై దాటి ఎక్కడికీ పోలేదు, ఈ జపాన్ జబ్బు మా ఇంటికెట్లా వచ్చింది?

కావలి_కుర్రోడు, శనివారం రాత్రి 10:05

అన్నా చదువుతుంటే గుండె పిండినట్టయింది. మా ఇంట్లో కూడా పాతకాలంలో ఒకరికి మలేరియా తలకెక్కింది అనేవాళ్ళు, ఇది కూడా అదేనా? దోమే కదా రెండిటికీ.

పీజీ_నిద్రలేదు (ఒంగోలు), శనివారం రాత్రి 11:31

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను, ఇంకా నేర్చుకుంటున్నదాన్నే. బాబుని చూస్తున్న డాక్టర్ మాటే చివరి మాట అనుకోండి.

కయ్యగట్టు అన్నా, తలలో వైరస్ ఇప్పుడు ఉండదు. ఒళ్ళు దాన్ని మొదటి వారాల్లోనే తుడిచేస్తుంది. మిగిలింది అది చేసిన పాడు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చి పోయాక మీ వైపు పొలాల్లో ఇసుక మేటలు వేసింది గుర్తుందా? నీళ్ళు నాలుగు రోజుల్లో తీసేశాయి, ఇసుక తీయడానికి ఎన్ని నెలలు పట్టింది? బాబు తలలో ఇప్పుడున్నది ఆ మేట. కొంత తీయొచ్చు. పిల్లల మెదడు పెద్దవాళ్ళ మెదడు కంటే ఎక్కువగా దారులు మార్చుకుంటుంది కాబట్టి 11 నెలలకే తీర్పు చెప్పకండి.

దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో వైరస్ చర్మంలోకి వస్తుంది. అక్కడి కణాల్లో పెరిగి, దగ్గరలోని లింఫు గ్రంథులకి, అక్కడి నుంచి రక్తంలోకి. చాలామందికి కథ అక్కడితో అయిపోతుంది, వాళ్ళకి జ్వరం వచ్చిందనే తెలియదు. సుమారు 250 మందికి సోకితే ఒకరికి మెదడు దాకా పోతుంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కాపలా గోడ ఉంటుంది, అది దాటిందంటే నరకణాల్లోకే దూరుతుంది. ఆ వైరస్‌ని చంపడానికి మన ఒంటి రక్షణ కణాలు ఎగబడతాయి, ఆ గొడవలో చుట్టూ ఉన్న మంచి కణాలు కూడా పోతాయి, మెదడు వాస్తుంది. పుర్రె గట్టి డబ్బా, వాపుకి చోటు ఉండదు. అందుకే వాంతులు, మత్తు, ఫిట్స్.

ఈ జబ్బు ఎక్కువగా దెబ్బకొట్టేది థాలమస్‌ని. ఒంట్లోంచి వచ్చే కబుర్లన్నీ ముందు అక్కడ దిగి, తర్వాత ఎటు పోవాలో అటు పోతాయి. మన గూడూరు జంక్షన్ అనుకోండి. దాని పక్కనే కదలికని సరిచేసే భాగాలు ఉంటాయి, అవి దెబ్బతింటే ముసలివాళ్ళలో చూసే పార్కిన్సన్ జబ్బు లక్షణాలే ఏడేళ్ళ పిల్లాడిలో కనిపిస్తాయి, వణుకు, బిగుసుకున్న ముఖం, నెమ్మది. లోపల నవ్వుతున్నాడు అన్నా, నవ్వు ముఖానికి చేరడం లేదు అంతే. ఈ మాట మీ చెల్లెలికి తప్పకుండా చెప్పండి. చాలామంది తల్లులు పిల్లాడికి తనమీద ప్రేమ పోయిందనుకుంటారు.

కావలి తమ్ముడూ, మలేరియా వైరస్ కాదు, అదొక పరాన్నజీవి, దానికి మందుంది. మెదడుకెక్కిన మలేరియాలో కూడా త్వరగా మందు పడితే బతికించొచ్చు. ఈ జేఈకి, అంటే బాబుకి వచ్చిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి, నేరుగా వైరస్‌ని చంపే మందు ఇప్పటిదాకా లేదు. వాపు తగ్గించడం, ఫిట్స్ ఆపడం, ఊపిరి ఆడేలా చూడడం, అంతే చేయగలం. జబ్బు మెదడుకెక్కినవాళ్ళలో వంద మందికి 30 మంది దాకా చనిపోతారు, బతికినవాళ్ళలో మూడోవంతు నుంచి సగం మందికి ఇలాంటి లోపాలు మిగులుతాయి.

మొలకొలుకులు (అల్లూరు), ఆదివారం ఉదయం 6:10

అమ్మాయ్ బాగా చెప్పావు. జపాన్ సంగతి నేను చెప్తాను, మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. జపాన్‌లో 1924లో పెద్ద ఎత్తున వచ్చింది, 1935లో అక్కడే వైరస్‌ని పట్టుకున్నారు, అందుకని ఆ పేరు. మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, పక్కనే వేలూరులో. నెల్లూరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరు. జపానో గిపానో, అది మన ఇంటి పక్క జబ్బే.

మా వయసు వాళ్ళకి 1999 గుర్తుంటుంది. ఆంధ్రలో పిల్లలు టపటపా రాలిపోయారు, పేపర్ తీయాలంటే భయం వేసేది. ఆ తర్వాత ప్రభుత్వమే హోమియో మాత్రలు పంచింది, మా మనవడికి వరసగా వేశాం. వాడికి ఏమీ రాలేదు. ఇప్పుడు ఎందుకు పంచడం లేదో?

ఇంకొకటి. దోమ ఈ జబ్బుని కొంగల నుంచి, పందుల నుంచి తెస్తుందంటారు. కొంగలు, పందులు, వరి మళ్ళు తాతల నాటి నుంచి ఉన్నాయి. అప్పుడు లేని జబ్బు ఇప్పుడే ఎందుకు వచ్చింది?

పీజీ_నిద్రలేదు, ఆదివారం ఉదయం 7:02

పెద్దాయనా, మీ మనవడికి రాకపోవడం సంతోషం. కానీ 250లో 249 మందికి మాత్ర వేసినా వేయకపోయినా రాదు కదా, అక్కడే అందరం మోసపోతాం. ఆ మాత్రలు జేఈని ఆపినట్టు గట్టి రుజువు లేదు. లెక్క మార్చింది టీకా.

తాతల నాడు లేదని కాదు, పేరు లేదు. "సంధి కొట్టింది", "జ్వరం తలకెక్కింది", "గాలి" అనుకుని పూడ్చిపెట్టేసేవాళ్ళు.

ఏఎన్ఎం_అక్క, ఆదివారం ఉదయం 8:40

కయ్యగట్టు తమ్ముడూ, బాబు టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. జేఈ అని ఒక గడి ఉంటుంది. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. దేశమంతా ఇవ్వరు, జబ్బు ఉందని గుర్తించిన జిల్లాల్లోనే ఇస్తారు, మా సెంటర్లో ఇస్తున్నాం. 2005లో గోరఖ్‌పూర్ వైపు వందల మంది పిల్లలు పోయాక 2006 నుంచి మొదలుపెట్టారు, మొదట ఒకే డోసు, 2013 నుంచి రెండు. మన హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ కూడా కోలారులో దొరికిన వైరస్ రకంతో ఒక టీకా చేసింది, అదీ 2013లోనే.

మొదటి డోసు అందరూ వేయిస్తారు. రెండోదానికి వచ్చేసరికి అమ్మలు మాయం. అదే వయసులో ఇంకో రెండు సూదులు కూడా ఉంటాయి, రాత్రంతా పిల్ల ఏడుస్తుంది, మొగుడు తిడతాడు, మళ్ళీసారి వస్తాంలే అక్కా అంటారు. ఆ మళ్ళీసారి రాదు. ఇంటికెళ్తే తాళం, ఫోన్ చేస్తే బెంగుళూరులో ఉన్నాం అంటారు.

కయ్యగట్టు, ఆదివారం ఉదయం 10:15

అక్కా కార్డు చూశాం. ఒకటే ఉంది. రెండోదాని టైముకి చెల్లెలు, బావ చెన్నైలో బిల్డింగ్ పనిలో ఉన్నారు. ఇప్పుడు ఆ కార్డు పట్టుకుని మా చెల్లెలు పొద్దుటి నుంచి ఏడుస్తోంది. అడగకపోయుంటే బాగుండేది అనిపించింది ఒక్క నిమిషం.

పీజీ_నిద్రలేదు, ఆదివారం ఉదయం 10:22

ఏడవద్దని చెప్పండి. ఒక డోసు పడినవాళ్ళలో కూడా చాలామందికి రక్షణ వస్తుంది, రెండు పడినా కొందరికి రాదు. వీడికి జబ్బు ఎందుకు వచ్చిందో ఆ గడి ఒక్కటే చెప్పలేదు.

చీమకుర్తి_రాయి, ఆదివారం మధ్యాహ్నం 1:50

మా వైపు వరి తక్కువ, క్వారీ గుంతల్లో నీళ్ళు ఎక్కువ. మాకు డెంగీ భయం. మా బామ్మర్దికి రెండేళ్ళ క్రితం వచ్చింది. మేమంతా ప్లేట్‌లెట్స్ మీద పడ్డాం, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, క్రికెట్ స్కోర్ చూసినట్టు. ఐదో రోజు జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. ఆరో రోజు రాత్రి మనిషి మంచం దిగి "లారీ లోడయింది, పోనివ్వండి" అంటాడు. ఎవరు పట్టుకున్నా నెట్టేస్తాడు. ప్లేట్‌లెట్స్ అప్పటికి 40 వేల పైనే, భయం లేదన్నారు. నైట్ డ్యూటీలో ఉన్న నర్సు జ్వరం మత్తులే అని పడుకోబెట్టింది. పొద్దున పెద్ద డాక్టర్ వచ్చి రక్తంలో సోడియం బాగా పడిపోయింది, లివర్ కూడా దెబ్బతింది అన్నాడు. నాలుగు రోజుల్లో తేలాడు, ఇప్పుడు మామూలే. అది కూడా వైరస్ మెదడుకెక్కడమేనా?

పీజీ_నిద్రలేదు, ఆదివారం సాయంత్రం 4:37

మీ బామ్మర్దిది బహుశా అది కాదు అన్నా, అందుకే తేలికగా బయటపడ్డాడు. డెంగీలో మెదడు రెండు దారుల్లో చెడుతుంది. ఎక్కువగా జరిగేది వైరస్ నేరుగా వెళ్ళకుండానే. రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడుతుంది, లివర్ దెబ్బతిని విషాలు పేరుకుంటాయి, సోడియం తగ్గుతుంది, కొందరికి తలలో రక్తం కారుతుంది. వీటిలో దేనికైనా మనిషి తికమక పడతాడు. మూలం సరిచేస్తే మెదడు తేరుకుంటుంది, తలలో రక్తస్రావం అయితే మాత్రం కష్టం. రెండోది, నిజంగానే వైరస్ మెదడులోకి పోవడం. అరుదు, కానీ వెన్నునీటిలో డెంగీ దొరికిన కేసులు ఉన్నాయి.

మీరన్న ఐదో రోజు సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు ప్రమాదం మొదలయ్యే రోజు. జ్వరం దిగాక మనిషి మగతగా ఉన్నా, చిరాకుగా ఉన్నా, ఆగకుండా వాంతులవుతున్నా, కడుపునొప్పి ఎక్కువున్నా ప్లేట్‌లెట్ల నంబరు పక్కన పడేసి పరుగెత్తండి.

దోమలు కూడా వేరు. డెంగీ, చికున్‌గున్యా, జికా తెచ్చేది చారల దోమ, పగలు కుడుతుంది, ఇంట్లో డ్రమ్ములో, పాత టైర్లో, ఫ్రిజ్ వెనక ట్రేలో పెడుతుంది గుడ్లు. ఆ గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి బతికుంటాయి, అందుకే తొట్టి ఖాళీ చేస్తే సరిపోదు, అంచులు రుద్ది కడగాలి. జేఈ దోమ వరి మళ్ళలో పుట్టి చీకటి పడ్డాక కుడుతుంది.

బొప్పాయి_బాబాయ్, ఆదివారం సాయంత్రం 5:03

ఇంత పెద్ద పెద్ద మెసేజ్‌లు ఎందుకండీ, బొప్పాయి ఆకు రసం రెండు పూటలా తాగిస్తే డెంగీ పోతుంది, మెదడుకెక్కదు. మా వాడకట్టులో ముగ్గురికి తగ్గింది.

చీమకుర్తి_రాయి, ఆదివారం సాయంత్రం 5:09

మా వాడికీ తాగించాం బాబాయ్. తాగించిన రాత్రే లారీ లోడయింది.

పొదిలి_పిల్ల, ఆదివారం రాత్రి 8:26

నాకు అయిదో నెల. 2024 డిసెంబరులో మర్రిపాడు మండలం వైపు జికా అనుమానం అని పేపర్లో వచ్చినప్పటి నుంచి దోమ కనిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అత్తమ్మ నవ్వుతుంది నన్ను చూసి, మేము నలుగురిని కనలేదా అని. బిడ్డ తల చిన్నది అవుతుంది అంటారు నిజమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టదు.

పీజీ_నిద్రలేదు, ఆదివారం రాత్రి 9:14

చెల్లీ, ముందు నిద్రపో. జికా మిగతావాటిలా తిరిగే జబ్బు కాదు మన దగ్గర. 2021లో కేరళలో, 2024లో పుణెలో కేసులు వచ్చాయి.

నిజం ఏంటంటే, జికా వైరస్‌ని 1947లో ఉగాండాలో ఒక అడవిలో ఉంచిన కోతిలో కనుక్కున్నారు, ఆ అడవి పేరే జికా. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, పెద్దవాళ్ళకి నాలుగు రోజుల జ్వరం, దద్దుర్లు, అంతే కాబట్టి. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పిల్లలు పుట్టడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. జేఈ తయారైన మెదడు మీద పడితే, జికా మెదడు తయారయ్యే విత్తన కణాల మీద పడుతుంది. నారుమడే పోయిందనుకో, ఇక నాటడానికి ఏముంటుంది? అందుకే తల పెరగదు. అయితే జికా సోకిన ప్రతి తల్లికీ ఇలా జరగదు. పగలు పడుకున్నా దోమతెర, ఒంటి నిండా బట్ట, ఇంట్లో నీటి తొట్లకి మూత. జికా కలయిక వల్ల కూడా సోకుతుంది, కాబట్టి ఆ జబ్బు తిరుగుతున్న చోటుకి మీ ఆయన పోయొస్తే డాక్టర్‌కి చెప్పండి.

చికున్‌గున్యా గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే 2006లో మన ఊళ్ళు ఊళ్ళే మంచాన పడ్డాయి, అందరికీ కీళ్ళనొప్పులే గుర్తు. కాన్పు దగ్గర్లో తల్లికి అది ఉంటే పుట్టిన బిడ్డకి అంటుకుని మెదడు దెబ్బతినొచ్చు. నెలలు నిండాక జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఇంట్లో ఉండిపోవద్దు.

ఏఎన్ఎం_అక్క, ఆదివారం రాత్రి 9:30

ఆలౌట్ పెట్టుకున్నాం కదా అని డ్రమ్ము మూత తెరిచిపెట్టేవాళ్ళు సగం మంది. పొదిలమ్మాయ్, మీ వైపు నీళ్ళ ట్యాంకర్ వారానికి ఒకసారి వస్తుంది కదా, అందరి ఇళ్ళలో నాలుగు డ్రమ్ములు. పాత పంచె చింపి మూతికి కట్టండి చాలు.

కావలి_కుర్రోడు, ఆదివారం రాత్రి 10:40

అక్కా 2025 మొదట్లో గులియన్ బారీ అని గోల వచ్చింది గదా, ప్రకాశంలో కూడా అందరూ భయపడ్డారు. అది దోమ వల్లనా కోళ్ళ వల్లనా? మా మెస్‌లో నెల రోజులు చికెన్ ఆపేశారు, ఆ కోపం ఇంకా ఉంది నాకు.

పీజీ_నిద్రలేదు, ఆదివారం రాత్రి 11:55

నీ చికెన్ బాధ అర్థమైంది. బాగా ఉడికిన కూరతో రాదు.

గులియన్ బారీ ఒక వైరస్ పేరు కాదు. ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయిన ఒకటి రెండు వారాలకి, ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున మన నరాల పైతొడుగునే శత్రువనుకుని కొరుకుతుంది. కరెంటు వైరు మీద తొడుగు పోయినట్టు. పాదాల్లో తిమ్మిరి, తర్వాత మోకాళ్ళలో బలం పోవడం, అలా పైకి ఎక్కుతుంది, ఛాతీ దాకా వస్తే ఊపిరి అందదు. ఎక్కువగా దీనికి ముందు వచ్చేది కలుషిత నీళ్ళు, ఉడకని మాంసం వల్ల వచ్చే విరేచనాలు. కానీ జికా, డెంగీ, చికున్‌గున్యా తర్వాత కూడా వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షణ ప్రోటీన్ ఎక్కించడమో, రక్తంలోని ప్లాస్మా మార్చడమో చేస్తారు, ఎక్కువ మంది కోలుకుంటారు, కాకపోతే నెలలు పడుతుంది. కాళ్ళు పడిపోతున్నాయి అని ఎవరైనా అంటే వాతం నూనె రాసి కూర్చోకండి.

కాళ్ళు చేతులు పడిపోవడం వెస్ట్ నైల్ అనే జేఈ చుట్టంతో కూడా జరుగుతుంది. అది వెన్నుపాములో పోలియో దెబ్బకొట్టే చోటే కొడుతుంది. 2019లో కేరళ మలప్పురంలో ఒక బాబు దాంతో పోయాడు.

మొలకొలుకులు, సోమవారం ఉదయం 5:48

పందుల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా ఊరి చివర దొడ్డి ఉంది, పంచాయతీలో ఎన్నిసార్లు చెప్పినా కదలదు. అసలు వాటిని ఊరవతలికి తోలేస్తే ఈ జబ్బు ఉండదు కదా?

ఆరుతడి (కోవూరు), సోమవారం ఉదయం 7:20

నేను వ్యవసాయ శాఖలో పని చేసి రిటైరయ్యాను, దోమల మీద కొంచెం చదివాను. పంది ఒంట్లో ఈ వైరస్ కొద్ది రోజుల్లో బాగా పెరుగుతుంది, పందికి పెద్దగా జబ్బు చేయదు, దాన్ని కుట్టిన దోమ మనిషిని కుడుతుంది. కొంగలూ అంతే. మనిషి రక్తంలో అంత పెరగదు కాబట్టి మన నుంచి దోమకి పోదు, పక్కవాడికీ అంటదు. కయ్యగట్టు గారూ, స్కూలు వాళ్ళకి ఇది చెప్పండి.

దొడ్డి ఊరికి దూరంగా ఉంటే మేలే. కొంగల్ని ఎక్కడికి తోలతారు?

విచిత్రం ఏమిటంటే ఈ దోమకి మనిషి కంటే పశువు ఇష్టం. పశువు ఒంట్లో వైరస్ పెరగదు. ఇంటి ముందు జత ఎద్దులు కట్టేసి ఉన్న రోజుల్లో దోమలు వాటి దగ్గరే ఆగిపోయేవి. ఒంగోలు జాతి ఎద్దులు ప్రదర్శనలకే మిగిలాయి, కొట్టం పోయి ట్రాక్టర్ షెడ్ వచ్చింది. అయితే ఇది నా ఊహ మాత్రమే కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు, పశువుల రక్తం తాగి దోమలూ పెరుగుతాయి. రెండు వైపులా కోసే కత్తి.

అసలు చేయగలిగింది మళ్ళలో నీళ్ళ సంగతి. నీళ్ళు నిలవకుండా, తడి పెట్టి, ఇంకిపోనిచ్చి, మళ్ళీ పెడితే, అదే ఆరుతడి, దోమపిల్లలు రెక్కలు రాకముందే ఎండిపోతాయి. వరికి నష్టం లేదు, నీళ్ళు ఆదా.

మొలకొలుకులు, సోమవారం ఉదయం 7:41

అయ్యా మీరు ఆఫీసులో కూర్చుని చెప్తారు. కాలవ చివర వాడికి సోమశిల నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. వచ్చిన నీళ్ళని కట్ట తెగేదాకా నిలబెట్టుకుంటాం. ఇంకనిస్తే మళ్ళీ వస్తాయని గ్యారంటీ కాగితం ఎవరిస్తారు? అదీగాక నేనొక్కడినే ఎండబెడితే పక్క కయ్యలో దోమ నా కయ్యలోకి రాదా?

ఆరుతడి, సోమవారం ఉదయం 8:05

మీరన్నది నిజమే, ఆయకట్టు మొత్తం ఒకే వంతున చేస్తేనే ఫలితం. ఆఫీసులో ఉన్నప్పుడు నేనూ ఈ మాటే పైకి రాశాను, కాగితం పైకి పోయింది, నీళ్ళు మాత్రం కిందికి రాలేదు. పోనీ యూరియాకి వేపపిండి పట్టించి చల్లండి, తమిళనాడు వైపు చేసి చూశారు, మళ్ళలో దోమపిల్లలు తగ్గాయి.

ఫాగింగ్ బండి మాత్రం నాకు నవ్వొస్తుంది. పొగ ఊళ్ళో, దోమ పొలంలో.

ఫిజియో_వెంకన్న (కందుకూరు), సోమవారం మధ్యాహ్నం 2:12

అందరూ దోమ గురించి మాట్లాడుతున్నారు, పిల్లాడి చెయ్యి ఎవరూ అడగలేదు. కయ్యగట్టు గారూ, బాబుకి ఇప్పుడు ఏ వ్యాయామం చేయిస్తున్నారు? ఏమీ లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. పిండి ముద్ద పిసకడం, శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తీయడం. వణికే చేతికి మణికట్టు దగ్గర చిన్న బరువు కడితే కొందరిలో నిలకడ వస్తుంది, మీ దగ్గర ఫిజియో చూసి చెప్పాలి. బాబుకి చొంగ కూడా కారుతుంటే మింగడం కూడా బలహీనంగా ఉన్నట్టే, పడుకోబెట్టి నీళ్ళు తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం, విద్యాశాఖదే, డబ్బు కట్టక్కర్లేదు. అలాగే సదరం క్యాంపులో స్లాట్ బుక్ చేయించి వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి. ఇంకో మాట, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఆ బాబుకి ఉంది. "కొన్నాళ్ళు ఇంట్లో ఉంచండి" అనే మాట వాళ్ళు కాగితం మీద రాసివ్వమనండి. రాయరు.

పీజీ_నిద్రలేదు, సోమవారం రాత్రి 10:20

వెంకన్న గారికి దండం. నేను మందుల దగ్గరే ఆగిపోయాను.

ఒక్కటి చెప్పి పడుకుంటా. జ్వరంతో పిల్లలు తికమక పడితే అన్నీ జేఈ కాదు. అలాంటి వాటిలో మందుతో నయమయ్యేవి ఉన్నాయి. హెర్పిస్ వైరస్ మెదడువాపుకి ఎసైక్లోవిర్ ఉంది. స్క్రబ్ టైఫస్, చిన్న నల్లి లాంటి పురుగు కుట్టి వచ్చేది, ఒంటి మీద ఎక్కడో చుట్ట కాల్చి అంటించినట్టు నల్ల మచ్చ ఉండొచ్చు, దానికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ పని చేస్తాయి. బ్యాక్టీరియా మెనింజైటిస్‌కి, అంటే మెదడు పొరల వాపుకి, యాంటీబయాటిక్స్. అందుకే తాయెత్తు కట్టించిన సగం రోజు అంత ఖరీదైంది. వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని సంతకం పెట్టని తండ్రులు నాకు వారానికి ఒకరు కనిపిస్తారు. కాళ్ళు పడిపోవు. ఆ నీళ్ళు తీయకపోతే ఏ జబ్బో తెలుసుకోవడం చాలా కష్టం.

కయ్యగట్టు, గురువారం సాయంత్రం 6:33

అందరికీ పేరుపేరునా దండాలు. భవిత కేంద్రానికి వెళ్ళొచ్చాం. టీచరమ్మ బాబుని గంట సేపు కూర్చోబెట్టి శనగలు తీయించింది, 40 తీశాడు, ఎన్ని కింద పడ్డాయో లెక్కపెట్టలేదు. బడికి సోమవారం నుంచి రమ్మన్నారు, హెడ్మాస్టర్ గారితో కాగితం మాట ఎత్తగానే ఆయనే నవ్వేశాడు.

మా చెల్లెలికి డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను, లోపల నవ్వుతాడు అని. అప్పటి నుంచి వాడు శబ్దం చేసినప్పుడల్లా చెల్లెలు కూడా నవ్వడం మొదలుపెట్టింది.

రెండు అనుమానాలు. ఫిట్స్ మాత్ర రెండేళ్ళు వాడమన్నారు, ఏడాదిగా ఫిట్స్ రాలేదు కదా ఆపేయమని మా అమ్మ అంటోంది, ఆపొచ్చా? ఇంకొకటి, చెల్లెలి రెండో పాపకి 20 నెలలు, కార్డులో జేఈ రెండో గడి ఖాళీగానే ఉంది.

పీజీ_నిద్రలేదు, గురువారం సాయంత్రం 7:10

ఆపొద్దు. ఒక్క పూట కూడా మానొద్దు. ఆపేటప్పుడు కూడా డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

ఏఎన్ఎం_అక్క, గురువారం రాత్రి 8:02

పాపకి ఇంకా టైముంది. శనివారం పొద్దున తొమ్మిదింటికి మీ ఊరి సెంటర్‌కి తీసుకుపోండి, కార్డు మర్చిపోవద్దు. మీ అమ్మని కూడా వెంట తీసుకెళ్ళండి, ఆమే ఎత్తుకుని కూర్చుంటుంది.